మోండోనా, గ్రెచెనా? ఫైనల్ కలెక్షన్‌ను దేంతో కొలవాలి

మా కటింగ్ క్లాసులో ప్రతి బ్యాచ్‌కూ ఈ పంచాయితీ ఒకసారి తప్పదు. పిల్లలు ‘ప్రాజెక్ట్ రన్‌వే’ అనే అమెరికా డిజైనర్ల పోటీ షో పాత సీజన్లను యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా చూసి వస్తారు. ఎనిమిదో సీజన్ ఫైనల్ దాకా వచ్చేసరికి మిషన్లన్నీ ఆగిపోతాయి. “మేడం, మోండోకే ఇయ్యాల గదా? ఆ మట్టిరంగు బట్టలకు ఎట్ల ఇచ్చినారు?” ధర్మవరం నుంచి వచ్చే పిల్ల అడిగినా, గుత్తి నుంచి వచ్చే పిల్ల అడిగినా ఇదే మాట. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు రాసి పెడితే నాకూ నయమే. ఎలాగూ రాస్తున్నాను కాబట్టి, వాదన తెగని ఇంకొన్ని ఫైనళ్లనూ ఇందులోనే కలిపేస్తున్నా.

షోలో డిజైనర్లు ఒక్కొక్కరే తప్పుకుంటూ పోగా, చివరికి మిగిలినవాళ్లు తలా ఒక కలెక్షన్, అంటే ఒక వరస బట్టలు, కుట్టి చూపిస్తారు. జడ్జిలు విజేతను తేలుస్తారు. 2010 అక్టోబర్‌లో ప్రసారమైన ఆ ఫైనల్లో జడ్జిలు మైఖేల్ కోర్స్, నీనా గార్సియా గ్రెచెన్ జోన్స్ వైపు నిలబడ్డారు. ఇంకో జడ్జి హైడీ క్లమ్, ఆ రోజు అతిథిగా వచ్చిన జెస్సికా సింప్సన్ మోండో గెర్రా వైపు. ఇద్దరికి ఇద్దరు. చాలాసేపు వాదించుకున్నాక కిరీటం గ్రెచెన్‌కు పోయింది. మూడో మనిషి ఆండీ సౌత్. లావోస్ వెళ్లి అక్కడి పట్టు తెచ్చుకున్నాడు. బట్ట బాగుంది, అంతకుమించి ఆ పోటీలో అతని ఊసు లేదు.

ముందు గ్రెచెన్ పక్షం చెప్తా, ఎందుకంటే ఆమె తరఫున మాట్లాడేవాళ్లే కరువు. గోధుమ, మట్టి, తుప్పు రంగులు. వదులుగా జారే పైతొడుగులు, పల్చటి బట్టలు, మెడలో నగలు. కోర్స్, నీనా చూసింది ఒకటే: ఫ్యాషన్ ఎటు పోతోందో ఈమెకు తెలుసు, ఆడవాళ్లు రేపు పొద్దున తొడుక్కునే బట్టలివి. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. అనంతపురం కమలానగర్‌లో ఎవరైనా షాపు పెడితే, హ్యాంగర్ మీద నుంచి ముందు కదిలేవి ఇవే. ఒక దాని పైభాగం ఇంకో దాని కింది భాగంతో కలుస్తుంది. కొనేవాళ్లు ఒకటి కొని నాలుగు రకాలుగా వేసుకుంటారు. జడ్జిలిద్దరూ ఏళ్ల తరబడి బట్టల వ్యాపారంలో, పత్రికల్లో ఉన్నవాళ్లు. వాళ్ల కన్ను అక్కడికే పోతుంది.

మోండో అలా కాదు. మెక్సికన్ల చనిపోయినవాళ్ల పండుగ, సర్కస్, పుర్రె బొమ్మలు, చుక్కల బట్ట పక్కన గళ్లు, గళ్ల పక్కన చారలు. ఒక్కసారి చూసినవాడు మర్చిపోడు. “ఇది వేషంలా ఉంది, చిన్నపిల్లల బట్టల్లా ఉంది” అన్న విమర్శ వచ్చింది. అందులోనూ కొంత నిజం ఉంది.

మన పిల్లలంతా ఒక్క గొంతుతో మోండో అనడానికి వేరే కారణం ఉందని నా అనుమానం. మన కన్ను చీర మీద తయారైన కన్ను. ధర్మవరం ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, అనంతపురం ఇళ్లల్లో పెళ్లి మాట రాగానే నోట్లోకి వచ్చేది ఆ ఊరి పేరే. అక్కడి పట్టుచీరను మనం ఎలా తూస్తాం? అంచు వెడల్పు ఎంత, కొంగులో జరీ ఎంత, పడుగు ఒక రంగు పేక ఇంకో రంగు పెట్టి నేస్తే వెలుతురులో ఎలా మెరుస్తోంది. అంతా బట్ట మీదే. చీరకు కత్తెర తగలదు కదా, జాకెట్ ముక్కకు తప్ప. అమ్మమ్మల నుంచి మనకు వచ్చిన తీర్పు రంగుల తీర్పు, నేత తీర్పు. కత్తిరింపు సంగతి మనకు పట్టదు, జాకెట్ చంకలో పట్టేసినప్పుడు తప్ప.

టీవీలో జరిగేది మాత్రం కత్తెర పోటీ. బట్ట చాలావరకు అందరూ కొనుక్కునేదే. కొన్న బట్టను ఎవరు ఎలా కోసి, ఒంటి మీద ఎలా నిలబెట్టారన్నదే పరీక్ష. నా వరకు ఫైనల్‌ను తేల్చేది ఇదొక్కటే. రంగు, కథ, పాట, తలకట్టు, చెప్పులు, అన్నీ దీని తర్వాతే.

టీవీలో కత్తిరింపు ఎలా కనిపిస్తుందని అడుగుతారు. ఎదురుగా నడిచి వస్తున్నప్పుడు కనిపించదు. కొసకు వచ్చి తిరుగుతుంది చూడండి, అక్కడ వీడియో ఆపండి. వెనక నడుము దగ్గర బట్ట ముడతలు పడి గుంజుకుంటోందా? భుజం కుట్టు భుజం మీదే ఉందా, వెనక్కి జారిందా? చెయ్యి ఊపినప్పుడు డ్రెస్సంతా పైకి లేస్తోందా? చెయ్యితో పాటు డ్రెస్ లేచిందంటే చంక రౌండ్ మరీ కిందికి దిగిందని అర్థం. ప్యాంటు వెనక భాగం సంగతి చెప్పనే అక్కర్లేదు, చాలామంది డిజైనర్ల బండారం బయటపడేది అక్కడే. ఎదురుగా చూస్తే అందరూ బాగానే కుడతారు.

ఈ కొలతతో ఎనిమిదో సీజన్‌కు తిరిగి వస్తే నా ఓటు కూడా మోండోకే. పిల్లలు చప్పట్లు కొడతారు గానీ, నా కారణం వాళ్ల కారణం కాదు. వదులు బట్ట తప్పులను దాచిపెడుతుంది. నడుము దగ్గర అర అంగుళం అటూ ఇటూ అయినా జారే బట్టలో ఎవరికీ తెలియదు. గ్రెచెన్ కలెక్షన్‌లో ఆ సౌకర్యం చాలా చోట్ల ఉంది. మోండో ఒంటికి దగ్గరగా కోశాడు, అదీ గీతల బట్టతో, గళ్ల బట్టతో. గీతల బట్ట ఇచ్చి కుట్టమంటే మన ఊరి కటింగ్ మాస్టర్ కూడా ఇంకో పావు మీటరు అడుగుతాడు. పక్క కుట్టు దగ్గర గీతకు గీత కలవాలి, చేతి మీద గడి ఒంటి మీద గడికి సరిపడాలి. కలవకపోతే మొత్తం అతుకుల బొంతే. ఎన్ని రకాల ప్రింట్లు కలిపితే అన్ని చోట్ల దొరికిపోయే అవకాశం. ఆ తెగింపును పక్కనపెట్టి “రంగులు ఎక్కువయ్యాయి” అంటే అన్యాయం.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మోండో మీద ప్రేమకు సగం కారణం అతని కథ. అదే సీజన్‌లో బట్ట డిజైన్ చెయ్యమన్నప్పుడు కూడిక గుర్తులతో ప్రింట్ వేసి, తనకు హెచ్‌ఐవీ ఉందన్న విషయం జడ్జిల ముందు బయటపెట్టాడు. చూసినవాళ్లకు గొంతు పట్టేసే ఘట్టం. దాన్ని ఫైనల్ తక్కెడలో వెయ్యాలా? వద్దంటాను. వేస్తే రేపు కథ లేనివాడికి అన్యాయం జరుగుతుంది. 2012లో పాత పోటీదారులతో నడిపిన ఆల్ స్టార్స్ మొదటి సీజన్ అతనే గెలిచాడు కాబట్టి 2010 తీర్పు తప్పని రుజువైందనే వాదన కూడా నాకు రుచించదు. అది వేరే పరీక్ష, వేరే బట్టలు.

రెండో సీజన్లో క్లోయీ డావ్, డేనియల్ వోసోవిచ్ ఫైనల్ గురించి అడిగేవాళ్లు తక్కువ గానీ, నాకు బాగా ఇష్టమైన తీర్పు అదే. 2006లో చూసినవాళ్లలో చాలామంది డేనియలే గెలుస్తాడనుకున్నారు. చురుకైన కుర్రాడు, మంచి ఊహ, సీజనంతా మెప్పించాడు. క్లోయీ హ్యూస్టన్‌లో బొటిక్ నడుపుకునే మనిషి. మెరిసే బట్ట, బుట్ట చేతులు, కొంచెం పాతకాలపు పోకడ. మా క్లాసులో చూపిస్తే “ఇది రిసెప్షన్ గౌను గదా మేడం” అంటారు. కానీ వీడియో ఆపి వెనక్కి తిప్పి చూడండి. ఎక్కడా బట్ట గుంజుకోదు. రోజూ కస్టమర్ ఒంటి మీద గుండుసూదులు గుచ్చి సరిచేసిన చెయ్యి అది. డేనియల్ బట్టల్లో ఆలోచన ఎక్కువ, పూర్తయిన పని తక్కువ. జడ్జిలు క్లోయీకి ఇచ్చారు, సరిగ్గా ఇచ్చారు. నేనూ బొటిక్ నడిపేదాన్ని కాబట్టి ఆమె మీద నాకు పక్షపాతం ఉందంటారా? ఉంది, కాదనను. మూడో మనిషి శాంటినో రైస్ సీజనంతా హడావుడి చేసి చివరికి మరీ సాదాగా తెచ్చాడు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే పోటీ నాలుగో సీజన్‌ది, క్రిస్టియన్ సిరియానో, రామీ కషూ. రామీ చెయ్యి కుచ్చిళ్ల చెయ్యి. బట్టను డమ్మీ మీద వేసి, మడిచి, తిప్పి, అక్కడికక్కడే ఆకారం తెస్తాడు. రోజూ ఆరు గజాలను ఏ కుట్టూ లేకుండా ఒంటికి చుట్టుకునే మనకు ఆ పని చూడగానే దగ్గరితనం వస్తుంది. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల కట్టు చూసి పెరిగినవాళ్లం, మడత పడే తీరు మనకు ఒకరు చెప్పక్కర్లేదు. క్రిస్టియన్ దాదాపు అంతా నలుపులో తెచ్చాడు. మెడ దాకా ఎత్తిన కాలర్లు, పొరలు పొరలుగా ఫ్రిల్లులు, పెద్ద టోపీలు, చివర్లో ఈకల గౌను. మన ఊళ్లో శుభకార్యానికి ఒక్కటీ పనికిరాదు.

అయినా క్రిస్టియనే. ఎందుకంటే ఆ ఫ్రిల్లుల కింద వేసిన ప్యాంట్లు చూడండి. అంత సన్నగా, కాలికి అంటిపెట్టుకున్నట్టు ఉండి, నడిచినప్పుడు మోకాలి వెనక ముడత పడని ప్యాంటు కొయ్యడం మాటలు కాదు. పైన ఎంత ఆర్భాటం చేసినా కింద లెక్క తప్పలేదు. రామీ మడత అందమైనదే, కానీ కలెక్షన్ మొత్తంలో అదే మడత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 2008 మార్చిలో విక్టోరియా బెక్‌హామ్ అతిథి జడ్జిగా కూర్చున్న ఆ ఫైనల్లో క్రిస్టియన్‌కే ఇచ్చారు. ఆ తర్వాత అతను మిషెల్ ఒబామాకు కుట్టాడు, 2019 ఆస్కార్ వేడుకకు నటుడు బిల్లీ పోర్టర్ వేసుకొచ్చిన నల్ల టక్సీడో గౌను కుట్టాడు. ఆ గౌనులో పైన కోటు, కింద ఘాఘరా. ఆ రెండింటి మధ్య నడుము దగ్గర పని చూస్తే 2008 ఫైనల్ గురించి నేను చెప్తున్నదేమిటో తెలుస్తుంది. జిలియన్ లూయిస్ అల్లికలు, కోట్లు బాగున్నాయి, మూడో స్థానం న్యాయమే. మనిషి జుట్టుతో అలంకరించిన క్రిస్ మార్చ్ బట్టలు ఫైనల్ దాకా రాకపోవడమూ న్యాయమే.

మూడో సీజన్ జెఫ్రీ సెబీలియా గొడవ గురించి కూడా అడుగుతుంటారు. బయటివాళ్ల సాయం తీసుకున్నాడని తోటి పోటీదారు లారా బెన్నెట్ అనుమానపడింది, నిర్మాతలు విచారించారు, అతను గెలిచాడు. నాకు అందులో నచ్చింది ఒకటే, ఎదుటివాడి కుట్టులోని శుభ్రతను చూసి అనుమానం రావడం. కుట్టు తెలిసిన మనిషికే వచ్చే అనుమానమది.

ఇలాంటిదే ఇంకో షో ‘మేకింగ్ ద కట్’ను ఇందులోకి లాగొద్దు. అక్కడ రాత్రికి రాత్రి కుట్టిపెట్టడానికి వేరే మనుషులున్నారు, మిలియన్ డాలర్లు ఇచ్చేది బ్రాండ్ నడపగలవాడికి. 2020లో జానీ కోటా గెలిచాడు, బెర్లిన్ నుంచి వచ్చిన ఎస్తర్ పెర్బాంట్ ఓడిపోయింది. నాకు ఎస్తర్ నలుపే నచ్చింది, అంతే. ‘నెక్స్ట్ ఇన్ ఫ్యాషన్’ అనే మరో పోటీ షో రెండో సీజన్ 2023లో నైజెల్ జేవియర్ గెలిచాడు, పాత జీన్స్ ముక్కలు అతికి కుట్టే మనిషి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఇళ్ల పిల్లలు అది తప్పక చూడాలి. నాలుగు మడతల డెనిమ్ కలిసే చోట సూది విరగకుండా కుట్టడమంటే ఏమిటో వాళ్లకు తెలిసినంత ఆ షో జడ్జిలకు తెలియకపోవచ్చు.

ఇక ‘ప్రాజెక్ట్ రన్‌వే’ పద్నాలుగో సీజన్. 2015లో ఆష్లీ నెల్ టిప్టన్ లావు మనుషుల కోసం కుట్టిన కలెక్షన్‌తో గెలిచింది, అలాంటి కలెక్షన్ గెలవడం ఆ షోలో అదే మొదటిసారి. మరుసటి ఏడు, ఆ షోలో పోటీదారులకు సలహాలిచ్చిన టిమ్ గన్ వాషింగ్టన్ పోస్ట్‌లో దాని మీద గట్టిగా రాశాడు. ఆ గెలుపు మొక్కుబడి వ్యవహారమని, ఒక జడ్జి తాను గుర్తుకు ఓటేశానని తనతో చెప్పిందని, ఏ కొలత ఆడమనిషి చేతా ఆ బట్టలు వేయించనని.

ఇక్కడ నేను సగం గన్‌తో ఉన్నాను, సగం లేను. గుర్తుకు ఓటేస్తే అది ఆష్లీకి కూడా అవమానమే, చేసిన పనిని చూడకుండా మార్కులిచ్చినట్టు. కానీ ఆ పని చిన్నది కాదు. నా షాపుకు వచ్చేవాళ్లలో నలభై, నలభై రెండు ఛెస్ట్ కొలతలవాళ్లే ఎక్కువ, మోడల్ కొలతలవాళ్లు ఎప్పుడో ఒకరు. ముప్పై నాలుగు ప్యాటర్న్ (కటింగ్ నమూనా) తీసుకొని నాలుగు వైపులా సమానంగా పెంచితే నలభై రెండు జాకెట్ రాదు. ఛెస్ట్ ఎనిమిది అంగుళాలు పెరిగినా భుజం వెడల్పు ఆ లెక్కన పెరగదు. పెంచేశామా, చెయ్యి భుజం మీది నుంచి జారుతుంది. చంక రౌండ్‌ను ఇష్టమొచ్చినట్టు దింపితే చెయ్యి ఎత్తనియ్యదు. డాట్, అంటే ఒంటి వంపు కోసం బట్టను మడిచి కుట్టే చోటు, దాని లోతు పెరగాలి, కొన్ని ఒళ్లకు ఒక డాట్ చాలదు, రెండుగా విడగొట్టాలి, లేదా డాట్‌కు బదులు పొడవు కుట్టు వచ్చే ప్రిన్సెస్ కట్‌లోకి మార్చాలి. ఆ ఫైనల్ వీడియో దొరికితే ఆష్లీ మోడళ్లు ఎదురుగా వచ్చినప్పుడు ఛెస్ట్ డాట్ ఎక్కడ ఆగిందో, వెనక్కి తిరిగిన చోట ఆపి వెనక నడుము ఎక్కడ కూర్చుందో చూడండి. క్రాప్ టాప్ బాగుందా లేదా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.