జంటల ఫోటోలకు సోనీ 85 ఎంఎం 1.8: ఏళ్ల తరబడి వాడాక

సోనీ ఎఫ్‌ఈ 85 ఎంఎం 1.8 లెన్సు 2017లో వచ్చింది. పేరులోని 1.8 ఎపర్చర్, అంటే లెన్సు నోరు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె; అంకె చిన్నదయ్యేకొద్దీ నోరు పెద్దది, బ్లర్ ఎక్కువ. బరువు 371 గ్రాములు, ఫిల్టర్ సైజు 67 ఎంఎం. ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసేవాళ్లలో ఎక్కువమంది దీన్ని వెనకంతా కరిగిపోయే బ్లర్ కోసం కొంటారు. నా మాట వేరు. ఇద్దరున్న ఫ్రేములో 1.8తో పని పడేది చాలా తక్కువ. ఈ లెన్సుతో అసలు లాభం అది మనల్ని జంటకు ఎంత దూరంలో నిలబెడుతుందన్న దాంట్లో ఉంది.

లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద, రెండు మీటర్ల దూరంలో, 1.8 దగ్గర ఫోకస్ మందం, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే లోతు, సుమారు 6 సెంటీమీటర్లు. మూడు మీటర్లకు జరిగితే 13. అమ్మాయి అబ్బాయి భుజం మీద తల వాల్చగానే ఇద్దరి కళ్లకూ ముందూ వెనకా పది పదిహేను సెంటీమీటర్ల తేడా వచ్చేస్తుంది. కంటిని వెతికి పట్టే ఐ ఆటోఫోకస్ ఒక ముఖాన్నే పట్టుకుంటుంది, రెండోది మెత్తబడుతుంది. కెమెరా వెనక స్క్రీన్ మీద ఇది కనబడదు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీదికి ఎక్కినప్పుడు అబ్బాయి తరఫువాళ్లు అడుగుతారు.

అదే మూడు మీటర్ల దగ్గర 2.8 పెడితే 21 సెంటీమీటర్లు, 4 పెడితే 30 దాకా దొరుకుతుంది. జంటకు వెనక ఎనిమిది పది మీటర్ల ఖాళీ ఉంటే 4 దగ్గర కూడా చెట్లు, కమాన్లు మెత్తగానే వస్తాయి. కాబట్టి బ్లర్ కావాలంటే ఎపర్చర్ మార్చే ముందు జంటను గోడకు దూరంగా జరపండి. నుదురు నుదురు ఆనించి పక్క నుంచి తీసే పోజులో ఇద్దరి ముఖాలూ ఒకే దూరంలో ఉంటాయి గనుక అక్కడ మాత్రం 2 దాకా ధైర్యంగా వెళ్లొచ్చు. వెనక నుంచి వాటేసుకున్న పోజుకు 4 కంటే తగ్గవద్దు. తగ్గాలంటే అబ్బాయి గడ్డం ఆమె భుజం మీదికి వచ్చి, ఇద్దరి కణతలూ తగిలేంత దగ్గరగా ఉండాలి. అసిస్టెంట్‌ను పక్కన నిలబెట్టి రెండు ముక్కులూ ఒక వరసలో ఉన్నాయో లేదో చెప్పమనండి. కెమెరా వెనక నుంచి మనకు ఆ తేడా తెలియదు.

దూరం సంగతి. నిలువు ఫ్రేములో మూడు మీటర్ల నుంచి సుమారు 127 సెంటీమీటర్ల ఎత్తు, 85 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. అంటే ఇద్దరికీ నడుము దాకా. పాదాల దాకా కావాలంటే ఐదున్నర మీటర్ల దూరానికి వెళ్లాలి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర నాలుగు మీటర్ల కమాను మొత్తం రావాలంటే దాదాపు పది. అంత దూరం నుంచి కేక వేసి వేళ్లు సరిచేయించడం జరిగే పని కాదు. పోజు మొత్తం దగ్గర నిలబడి కుదిర్చి, అప్పుడు వెనక్కి నడవండి. దూరం నుంచి చెప్పాల్సింది ఒక్క మాటే ఉండాలి: "గడ్డం కొంచెం ముందుకు", లేదా "ఆమె చెవిలో ఏదన్నా చెప్పు".

పోజు పాదాల దగ్గర మొదలవుతుంది, ముఖం దగ్గర కాదు. బరువు వెనక కాలి మీద వేయించి, ముందు మోకాలు కాస్త వదులు చేయిస్తే నడుము తనంతట తానే ఒంపు తిరుగుతుంది. ఇద్దరూ ఎదురుగా సూటిగా నిలబడితే పాస్‌పోర్టు ఫోటోలు రెండు పక్కపక్కన అతికించినట్టే. ఒక్కొక్కరిని 45 డిగ్రీలు లోపలికి తిప్పండి, లోపలి భుజాలు ఒకదాని వెనక ఒకటి పడాలి. కళ్లు ఒకే ఎత్తులో ఉండకూడదు, అలాగని మరీ తేడా ఉన్నా కుదరదు. అబ్బాయి బాగా పొడుగైతే కాళ్లు ఎడంగా పెట్టించండి, ఎంతో కొంత తగ్గుతాడు, పంచెలో అది బయటికి తెలియదు. మెట్లుంటే అమ్మాయిని ఒక మెట్టు పైన నిలబెట్టడం ఇంకా నయం.

చీర విషయంలో మన ఆనవాయితీ, కెమెరా అవసరం ఒక్కటే కావడం బాగుంటుంది. పైట ఎడమ భుజం మీద ఉంటుంది. భార్య భర్తకు ఎడమ పక్క నిలబడితే ఫ్రేములో ఆమె కుడి వైపు వస్తుంది. అక్కడి నుంచి లోపలికి తిరిగితే పైట ఉన్న భుజమే కెమెరా వైపు వస్తుంది, జరీ అంచు మొత్తం కనిపిస్తుంది. పక్కలు మార్చితే కుడి భుజం ముందుకొచ్చి బ్లౌజు చెయ్యి, వడ్డాణం పక్క భాగం కనబడతాయి. వర్కు బ్లౌజు కుట్టించుకున్నవాళ్లకు అదీ ఒకసారి తీయాల్సిందే.

చేతుల దగ్గరే ఎక్కువ ఫోటోలు పోతాయి. అరచేతి వెనకభాగం కెమెరాకు ఎదురుగా ఉంటే అది ముఖమంత వెడల్పుగా కనబడుతుంది. చిటికెన వేలి అంచు కనబడేలా తిప్పండి. అబ్బాయి చెయ్యి ఆమె వీపు వెనకకు పోయి మాయమైతే మణికట్టు తెగినట్టుంటుంది, నాలుగు వేళ్లు నడుము మీద కనిపించాలి. ఆమె మోచేతికీ నడుముకీ మధ్య వెలుతురు కనబడేంత ఖాళీ ఉంచండి. ఫ్రేము కోస్తే తొడ మధ్యలోనో మోచేతికి పైనో కోయండి, మణికట్టు, మోకాలు, చీలమండ దగ్గర ఎప్పుడూ వద్దు. కుచ్చిళ్ల కింద కాస్త నేల వదలకపోతే చీర నేలలోకి దిగిపోయినట్టుంటుంది.

సముద్రం దగ్గర ఒక చిక్కుంది. క్షితిజం ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే పడుతుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే ఆ గీత సరిగ్గా మెడల్లోంచో కళ్లలోంచో పోతుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను మీటరు ఎత్తుకు దించితే నడుము దగ్గరకి దిగి ముఖాలు ఆకాశం మీద శుభ్రంగా నిలుస్తాయి. పాదాల దాకా తీసే ఫోటోలన్నిటికీ ఈ ఎత్తే మంచిది, కాళ్లు పొట్టిగా రావు. ఇంకో మాట, ఆర్‌కే బీచ్‌లో సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ల మీద కావాలని సాయంత్రం జంటను తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు!

ఎదురు వెలుతురులో ఈ తరగతి లెన్సులన్నిటికీ ఉన్న జబ్బు దీనికీ ఉంది. 1.8 దగ్గర తెల్ల పంచె అంచుల మీద, జరీ మెరుపుల చుట్టూ ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి. 2.8కి చాలా తగ్గుతాయి, మిగిలింది లైట్‌రూమ్‌లో డీఫ్రింజ్ (ఆ రంగు గీతలు తీసేసే సాధనం) చూసుకుంటుంది. హుడ్ తీయకండి. ఎర్రటి పట్టుచీర నుంచి అబ్బాయి గడ్డం కింద ఎక్కే ఎరుపు మాత్రం ఏ లెన్సూ ఆపలేదు. అతన్ని అరడుగు వెనక్కి జరిపితే తగ్గుతుంది.

లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు. బాడీలో ఉన్నా మనుషుల కదలికను అది ఆపదు గనుక షట్టర్ వేగం నిలబడినవాళ్లకు 1/250 సెకను, చేతులు పట్టుకుని నడిచేవాళ్లకు 1/500 కంటే దించవద్దు. ఆటోఫోకస్ చప్పుడు చేయదు, నడకను బాగానే పట్టుకుంటుంది. దగ్గరగా అంటే 80 సెంటీమీటర్లే. అక్కడ ఫ్రేము వెడల్పు 27 సెంటీమీటర్లకు పైనే. గోరింటాకు పెట్టిన చేతులు రెండూ చక్కగా పడతాయి, ఉంగరం ఒక్కదాన్నే ఫ్రేము నిండా తీయలేం.

ఏపీఎస్‌-సీ (చిన్న సెన్సర్) బాడీ మీద ఇది 127 ఎంఎం లెక్క. పాదాల దాకా తీయడానికి ఎనిమిది మీటర్లు కావాలి, అపార్ట్‌మెంట్ హాల్లో అది కలే. ఆ బాడీ ఉన్నవాళ్లు జంటల కోసమే అయితే ముందు 50 ఎంఎం 1.8 కొనుక్కోండి, ధర కూడా తక్కువ. ఫుల్‌ఫ్రేమ్ ఉన్నా పన్నెండడుగుల గదిలో దీనితో నడుము దాకానే. అక్కడికి వెళ్లేటప్పుడు బ్యాగులో 35 ఎంఎం లెన్సు ఒకటి వేసుకోవాల్సిందే.