రైస్ మిల్లులో చౌక లాన్ కేబుల్ టెస్టర్: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. గేటు పక్కన కాంటా గదిలో ఒక కంప్యూటర్, లోపల ఆఫీసులో సర్వర్. లారీ బరువు కాంటా గదిలో కొట్టగానే సర్వర్‌లో ఎక్కాలి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో తెర మీద "సర్వర్ దొరకడం లేదు" అని వచ్చిందంటే లారీలు రోడ్డు దాకా ఆగిపోతాయి. ఆ టెన్షన్ పడలేకే, ఈ రెండింటినీ కలిపే లాన్ (నెట్‌వర్క్) కేబుల్ బాగుందో లేదో చూసే, వందల్లో దొరికే ఈ టెస్టర్ తెప్పించాను.

ఇందులో రెండు ముక్కలుంటాయి. కేబుల్ ఈ కొసకు ఒకటి, ఆ కొసకు ఒకటి పెట్టి స్విచ్ వేస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. వెలగని నంబరు తీగ తెగినట్టు, వరస తప్పితే తీగలు తారుమారైనట్టు. మిల్లన్నాక ఎలుకలకు కొదవ ఉండదు కాబట్టి దీనికి పని బాగానే తగిలింది. ఒకసారి కాంటా కంప్యూటర్ ఆగలేదు గానీ బాగా నెమ్మదించింది. టెస్టర్ పెడితే ఏడో లైటు వెలగలేదు. కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి మెలేసి నాలుగు జతలుగా ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి 1, 2, 3, 6 తీగలు చాలు, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి ఎనిమిదీ కావాలి. మిగతా వాటిలో ఒక జత పోతే చాలా నెట్‌వర్క్ కార్డులు 100కు దిగి పని నడిపిస్తాయి. అప్పటిదాకా అందరూ తిట్టింది సాఫ్ట్‌వేర్‌ను!

అన్ని లైట్లూ వెలిగినంత మాత్రాన కేబుల్ మంచిదని నమ్మకండి. రెండు కొసల్లోనూ రంగులు జతజతగా వరసపెట్టి క్రింప్ చేస్తే (కొసకు ప్లగ్ బిగిస్తే) టెస్టర్ పాస్ చేసేస్తుంది. కానీ 3, 6 ఒకే జత తీగలు కావాలి. వేర్వేరు జతలవి పడితే చిన్న కేబుల్‌లో ఎలాగో నడుస్తుంది, గేటు దాకా లాగితే తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఆ తేడా ఈ టెస్టర్ కంటికి ఆనదు. పొడవూ చెప్పదు. 100 మీటర్లు దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లను కలిపే పెట్టె) పెట్టుకోవాల్సిందే.

కేబుల్ బాగుండి కూడా సర్వర్ దొరకకపోతే టెస్టర్ పక్కన పడేసి విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టినప్పుడు 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. అడ్రస్ సరిగానే ఉంటే సర్వర్‌కు పింగ్ (ping) కొట్టండి, అంటే పలుకుతుందో లేదో చూడండి. జవాబు రాకపోయినా సర్వర్ చచ్చిందని తేల్చేయొద్దు, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కాపలా సాఫ్ట్‌వేర్) పింగ్‌ను ఆపి ఉండొచ్చు. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) ఆదేశంతో మీ సాఫ్ట్‌వేర్ వాడే పోర్టును (సర్వర్‌లో దాని తలుపు నంబరును) తట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మా దగ్గర రూటర్ మార్చినప్పుడు సర్వర్‌లో విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని "పబ్లిక్" (నమ్మలేని నెట్‌వర్క్) కింద పెట్టింది, షేరింగ్ మూసుకుపోయింది. "ప్రైవేట్"కు మార్చగానే కాంటా గది నుంచి ఎంట్రీలు పడ్డాయి. సర్వర్ అడ్రస్ మారకుండా రూటర్‌లో రిజర్వ్ చేయడం కూడా అప్పుడే అయిపోయింది.

కొనొచ్చా అంటే, దూరంగా కేబుల్ లాగిన చోట ఎక్కడైనా కళ్లు మూసుకుని కొనొచ్చు. ఒకే గదిలో రెండు సిస్టమ్‌లున్న వాళ్లకు దండగ. సీజన్ అయ్యాక లోపలి 9 వోల్టుల బ్యాటరీ తీసి పెట్టండి, కారితే క్లిప్పులు తుప్పు పడతాయి. కేబుల్‌ను స్విచ్ నుంచి పీకకుండా మాత్రం టెస్టర్ తగిలించొద్దు. కేబుల్‌లోంచే కెమెరాలకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్ అయితే మరీ జాగ్రత్త, టెస్టర్ కాలిపోవచ్చు.