ఏ నెలలో ఏ దారిన కొండెక్కాలి

తిరుపతిలో కాపురం పెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేస్తే "దర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది?" అని అడుగుతారు. నడిచి వస్తామన్న వాళ్లు కూడా అదే అడుగుతారు. దారి ఎట్లుందో ఎవరూ అడగరు. పోయిన మే నుంచి ఈ ఏప్రిల్ దాకా మూడు కాలాల్లో మూడు దారుల్లో నడిచాను కాబట్టి ఆ అడగని సంగతే రాస్తున్నాను.

మే నెలలో మా చిన్నాన్న కూతురు అనంతపురం నుంచి మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ తీసుకొని వచ్చింది. మా ఇల్లు ఇరుకని బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో గది తీసుకున్నారు. గది శుభ్రంగానే ఉంది, ఏసీ బాగానే పనిచేసింది. తెల్లారుజామున మూడున్నరకు బయల్దేరతామని ముందు రోజే చెప్పి పెట్టారు. తీరా చూస్తే కింద గేటుకు తాళం, తాళంచెవి ఉన్న మనిషి లేడు. తెరిచేసరికి ఐదున్నర. వేసవిలో అలిపిరి నడకకు ఆ రెండు గంటలే ప్రాణం. నాలుగింటికి దారి తెరిచిన వెంటనే మొదటి మెట్టు మీద కాలు పెట్టిన వాళ్లు ఎండ ముదరక ముందే పైకి చేరిపోతారు. అందుకే నడక ఉన్న రోజున టీటీడీ వసతి గృహాలైన బస్టాండు ఎదుటి శ్రీనివాసంలోనో, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణు నివాసంలోనో గది దొరికితే అదే మేలంటాను. అక్కడ రాత్రంతా జనం వస్తూ పోతూనే ఉంటారు, ఎన్ని గంటలకు బయల్దేరినా అడ్డుండదు.

అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. కష్టం చాలా మటుకు గాలి గోపురం దాకానే. నిటారుగా ఉంటుంది, ఊపిరి అందదు. గోపురం దాటితే చదును నేల ఎక్కువ. 2021లో పైకప్పు కొత్తగా వేశారు కాబట్టి చాలా మటుకు నీడలోనే నడవొచ్చు. నీళ్ల కుళాయిలకు, మరుగుదొడ్లకు కొదవ లేదు. ఏడో మైలు ఆంజనేయస్వామి దాటాక ఘాట్ రోడ్డు పక్కన నడిచే చోట మాత్రం ఎండ నెత్తిన పడుతుంది. మేం అక్కడికి చేరేసరికి పదిన్నర దాటింది. పెద్దపాపకు పదకొండేళ్లు, మొక్కు కాబట్టి చెప్పులు వేసుకోనంది. నాలుగడుగులు వేసి ఒంటికాలి మీద నిలబడిపోయింది. బొటనవేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది.

పక్కనే మజ్జిగ అమ్మే అవ్వ చూసి, "ఆ బండ మీద నిలబడొద్దు బిడ్డా, ఇట్ల మట్టి మీదికి రా" అని చెయ్యి పట్టుకొని లాగింది. కుండలో నీళ్లు పాప పాదాల మీద పోసింది. నా తువ్వాలు రెండుగా చించి తడిపి కాళ్లకు కట్టాం. చివర్లో వచ్చే నిటారు మెట్లు, మోకాళ్ల మెట్టు అంటారే, అవి అట్లాగే ఎక్కింది ఆ పిల్ల. మొక్కు చెడలేదు, కానీ నాలుగు రోజులు నడవలేకపోయింది. వేసవిలో వట్టి కాళ్లతో వచ్చే పిల్లలుంటే సంచిలో మందపాటి నూలు సాక్సులు పెట్టుకోండి. 2023 ఆగస్టులో ఈ దారిలోనే చిరుతపులి దాడిలో ఒక చిన్నపాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లలను ఈ దారిన పంపకుండా ఆంక్షలు పెట్టారు, నడిచే వాళ్ల చేతికి కర్రలిచ్చారు, గుంపుగా పొమ్మన్నారు. మధ్యాహ్నం నడక మొదలుపెట్టి చీకటి పడేలోగా చేరుకోవచ్చులే అనుకునే వాళ్లు పిల్లలతో ఆ పని చెయ్యొద్దు.

నవంబరు సంగతి వేరు. మన వైపు గట్టి వానలన్నీ ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిందంటే శేషాచలం అంతా వాగులే. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది, మళ్లీ తెరిచింది 2022 మే నెలలో. డిసెంబరు మొదట్లో రెండో ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు విరిగిపడ్డాయి. ఆ బండల ఫొటోలు చూసిన వాళ్లెవరూ వానలో నడక గురించి తేలిగ్గా మాట్లాడరు.

మా అత్తమ్మకు 66 ఏళ్లు. కార్తీకంలో నడిచి వస్తానని మొక్కుకుంది. వాన నిలిచాక రెండు రోజులు ఆగి, మూడో రోజు శ్రీవారి మెట్టుకు పోయాం. శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే ఈ దారిలో 2,388 మెట్లు, దూరం 2 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే వదులుతారు. దూరం తక్కువ కదా అని ముసలివాళ్లను ఈ దారినే తీసుకుపోతుంటారు గానీ, ఇక్కడ చదును నేల దాదాపు లేదు, మెట్టు మీద మెట్టే. మోకాళ్లు నొప్పులున్న వాళ్లకు సమయం పట్టినా అలిపిరే నయం, నడుమ నడుమ కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. అత్తమ్మకు మోకాళ్లు గట్టివే, దమ్ము తక్కువ. నూరు మెట్లకొకసారి కూర్చుంటూ మూడు గంటల్లో ఎక్కేసింది.

తడి మెట్ల గురించి ఒక మాట. నాచు మెట్టు అంచుల్లో, గోడ వారన పడుతుంది, అది కంటికి కనిపిస్తుంది. కంటికి ఆనని ప్రమాదం పసుపు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోయే ఆడవాళ్లను చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి, అంత భక్తి. కానీ చినుకు పడితే ఆ పసుపు ముద్దయి సబ్బులాగా జారుతుంది. ముందు పోతున్న ఆయన కాలు జారి మోచెయ్యి చీరుకుపోయింది. అత్తమ్మను గోడకూ నాచుకూ దూరంగా, పసుపు పెట్టని చోట అడుగు వేయిస్తూ తీసుకుపోయాను. ఆ పొద్దున మాత్రం పొగమంచు మెట్ల మీదికే దిగివచ్చింది. పక్కన లోయలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, నీళ్లు కనిపించవు. అత్తమ్మ కూర్చున్న ప్రతిసారీ ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

మూటాముల్లె కింద కౌంటర్లో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. రసీదు మాత్రం భద్రం. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా తెచ్చుకోండి. అలిపిరిలో ఉన్నన్ని అంగళ్లు ఈ దారిలో ఉండవు, టిఫిను తినే ఎక్కాలి. శ్రీవారి మెట్టుకు బస్సులు తక్కువ. ఆటో అయితే ఎక్కక ముందే బేరం తేల్చుకోండి. మా దగ్గర దిగేటప్పుడు తలకింత అని మాట మార్చాడు. నడిచి వచ్చే వాళ్ల దర్శనం టోకెన్లు ఎక్కడిస్తారన్నది మారుతూ ఉంటుంది, బయల్దేరే రోజే కనుక్కోవాలి. పైన గది దొరక్కపోయినా దిగులు లేదు. యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, హాల్లో పడుకునే చోటు ఉచితం. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో చలి ఎముకలు కొరుకుతుంది, దుప్పటి మరవద్దు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేడి అన్నం, సాంబారు తిన్నాక అత్తమ్మ ముఖంలో అలసట పోయింది.

మూడోది తుంబురు తీర్థం. ఇది మెట్లదారి కాదు, అడవి. సూర్యుడు మీనరాశిలో ఉండే నెలలో, ఉత్తరఫల్గుణి నక్షత్రంతో కూడిన పౌర్ణమికి తీర్థ ముక్కోటి, ఆ తీర్థంలో స్నానం చేసే పర్వదినం. అంటే మార్చిలోనో ఏప్రిల్లోనో. గుడికి ఏడున్నర మైళ్లని లెక్క, పాపవినాశనం నుంచి నడక. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లను రావద్దని ముందే చెబుతారు. ఆ మాట పెడచెవిన పెట్టొద్దు, మధ్యలో వెనక్కి మోసుకొచ్చే దారి కాదది. నేనూ మా తమ్ముడూ తెల్లారకముందే పాపవినాశనం చేరాం. అక్కడ పంచిన ఉప్మా తిని, మజ్జిగ సీసాలో పోసుకొని కదిలాం.

ఆ నెలలో అడవి ఎండి ఉంటుంది. ఆకులు కాళ్ల కింద పెళపెళమంటాయి, జాలారి చెట్ల నుంచి గుగ్గిలం వాసన. ఎర్రచందనం మానుల బెరడు మొసలి వీపులాగా పలకలు పలకలుగా ఉంటుంది. రాళ్లు పొడిగా ఉండటం వల్ల పట్టు దొరుకుతుంది. ఇదే దారి నవంబరులో ఊహించుకోలేను. దిగుడు చోట్ల తాళ్లు కట్టి, సేవకులు నిలబడి చెయ్యి అందిస్తారు. చివర కొండ నిలువునా రెండుగా చీలి, ఆ చీలికలోకి నీళ్లలోనే నడవాలి. అంత వేసవి మొదట్లోనూ నీళ్లు మోకాళ్ల దాకా మంచులా ఉన్నాయి. రెండు చేతులు చాపితే అటుగోడా ఇటుగోడా తగిలే చోటు ఒకటుంది. తల ఎత్తితే ఆకాశం తాడంత సన్నం. ఈ కోనలోనే శ్రీవారి భక్తురాలు, కవయిత్రి వెంగమాంబ తపస్సు చేసుకున్నదంటారు. పైన అన్నం పెట్టే భవనానికి ఆమె పేరుంది, ఆమె ఒంటరిగా గడిపిన చోటు ఇక్కడుంది. తమ్ముడు మాట్లాడకుండా చాలాసేపు నీళ్లలో నిలబడ్డాడు. తిరుగు నడకలో ఎక్కుడే ఎక్కువ, ఎండా ఎక్కువ. పది గంటలకల్లా వెనుదిరగని వాళ్లు ఇబ్బంది పడ్డారు.

ముందు ముందు వచ్చే పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం పోదామని తమ్ముడంటున్నాడు. పుష్య, మాఘ మాసాల్లో వానలు వెనకబట్టి, ఎండ ముదరక, కొండ నడకకు అంతకన్నా మంచి రోజులు ఉండవు. అత్తమ్మ కూడా ఆ నెలలోనే మళ్లీ మెట్లు ఎక్కుతానంటోంది. ఈసారి అలిపిరి దారిన, నాలుగింటికే.