మఠాల శిథిలాల నుంచి రాణుల సమాధి దాకా: ఇంగ్లండ్‌లో మా యాత్ర

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు ఎనిమిదో హెన్రీ అంటే ఆరుగురు భార్యలు, హాంప్టన్ కోర్టు ప్యాలెస్, లండన్ టవర్. టూర్ ప్యాకేజీలు అక్కడే తిప్పుతాయి. అవీ చూశాం, బాగున్నాయి. కానీ ఆ రాజు 1534లో పోపుతో తెగతెంపులు చేసుకుని, ఇంగ్లండ్ క్రైస్తవ సంఘానికి తానే శిరస్సునని చట్టం చేయించుకున్నాక మామూలు విశ్వాసులకు ఏమైందో తెలియాలంటే యార్క్‌షైర్ వెళ్లాలి.

మా పుట్టింటివాళ్లు డోర్నకల్ సీఎస్ఐ, అంటే ప్రొటెస్టెంట్లు. మా అత్తయ్యది ఫిరంగిపురం, ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. మా సంఘం మూలాల్లో ఒకటి ఈ ఇంగ్లండ్ సంఘమే కాబట్టి, ఆ చీలిక జరిగిన చోట్లు చూడాలని ఇద్దరికీ ఎప్పటి నుంచో ఉంది. మా తమ్ముడు లీడ్స్‌లో ఉంటాడు. అక్కడి నుంచే మొదలుపెట్టాం.

ముందు ఫౌంటెన్స్ అబ్బే అనే పాత మఠం. లీడ్స్‌లో 36 నంబరు బస్సెక్కితే హారోగేట్ మీదుగా రిపన్ వెళ్తుంది. రిపన్‌కు రైలు లేదు. అక్కడి నుంచి మఠం ఆరేడు కిలోమీటర్లు, బస్సులు తక్కువ. టాక్సీ మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే చెప్పుకోండి. లోపల నడక చాలా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య కోసం అక్కడక్కడా ఆగుతూ పూటంతా గడిపాం.

1132లో యార్క్‌లోని ఒక మఠం నుంచి, ఇంకా కఠినంగా బతకాలని బయటికొచ్చిన 13 మంది సన్యాసులతో మొదలైన మఠం ఇది. తర్వాత సిస్టర్షియన్ అనే సన్యాసుల సభలో చేరి, గొర్రెల ఉన్నితో దేశంలోనే సంపన్న మఠాల్లో ఒకటైంది. సరుకులు దాచిన కింది హాలు 90 మీటర్ల పొడవున, కమానులతో సహా ఇప్పటికీ నిలిచే ఉంది. గుడికి మాత్రం పైకప్పు లేదు. పెద్ద గోపురం కట్టించిన మఠాధిపతి హ్యూబీ 1526లో చనిపోయారు. 13 ఏళ్లకే, 1539లో, మఠాన్ని రాజుకు అప్పగించేశారు. పైకప్పు మీది సీసం ఊడదీశారు. 1536 నుంచి 1540 లోపు దేశంలో 800 దాకా మఠాలు ఇలాగే మూతపడ్డాయి. భూములు, వెండి బంగారాలు ఖజానాకు చేరాయి.

"రాజుగారి పెళ్లి గొడవకి ఫాదర్లేం చేశారమ్మా?" అంది అత్తయ్య. మగపిల్లాడి కోసం మొదటి భార్య కాథరీన్‌ను వదిలి ఆన్ బొలిన్‌ను చేసుకోవాలనుకోవడం, పోపు ఒప్పుకోకపోవడం కారణాలే. కానీ అంత పెద్ద హాల్లో నిలబడితే డబ్బు ఎంత పెద్ద కారణమో అర్థమవుతుంది. ఎందుకంటే హెన్రీ నమ్మకాలు పెద్దగా మారలేదు. ఆయన బతికున్నంత కాలం లాటిన్‌లోనే పూజ జరిగింది. అసలు ప్రొటెస్టెంట్ మార్పు ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో వచ్చింది. 1549లో ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం తెచ్చారు, విగ్రహాలు తీసేశారు. 1553లో కాథరీన్ కూతురు మేరీ రాణి మళ్లీ రోమ్ వైపు తిప్పింది. 1559లో ఆన్ బొలిన్ కూతురు ఎలిజబెత్ రాణి చట్టాలతో ప్రొటెస్టెంట్ సంఘమే ఖాయమైంది. పాతికేళ్లలో ఇన్ని మలుపులు!

యార్క్‌లో బస బార్ కాన్వెంట్ అతిథి గృహంలో. మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చిన బస ఇదే. రైల్వే స్టేషన్‌కు నడిచివెళ్లేంత దగ్గర, గదులు సాదాగా, శుభ్రంగా ఉన్నాయి. 1686లో, కాథలిక్కులకు మఠం పెట్టుకునే హక్కే లేని కాలంలో, మొదలైన కాన్వెంట్ ఇది. 1769లో కట్టిన గుడి బయటి నుంచి కనపడదు. గోపురాన్ని మామూలు పెంకుల కప్పు కింద దాచేశారు. దాడి జరిగితే తప్పించుకోవడానికి ఎనిమిది తలుపులు, గురువు దాక్కోవడానికి ఒక గుంత ఉన్నాయి. మార్గరెట్ క్లిథరో చెయ్యిగా భక్తులు గౌరవించే అవశేషం కూడా అక్కడే ఉంది. ఆమె మాంసం వ్యాపారి భార్య. ఎలిజబెత్ కాలంలో కాథలిక్ గురువులకు ఇంట్లో ఆశ్రయమిచ్చిందని కేసు పెడితే, కోర్టులో జవాబివ్వడానికి ఒప్పుకోలేదు. 1586లో ఒంటి మీద బరువులు పెట్టి చంపారు. అత్తయ్య చాలాసేపు మోకరించే ఉంది. మా సంఘం నిలబడిన రోజుల్లో ఇలాంటిదీ జరిగిందని నేను సండే స్కూల్లో ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో హోటల్ ఎంపిక జాగ్రత్త. మాకు దొరికినచోట లిఫ్ట్ పనిచేయలేదు, గది మూడో అంతస్తులో. అడిగితే సారీ చెప్పారు గానీ గది మార్చలేదు. పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు గది ఇస్తామని మెయిల్లో రాయించుకోండి. ఊరు మాత్రం తప్పక చూడాలి. బ్రాడ్ స్ట్రీట్ రోడ్డు మధ్యలో రాళ్లతో పొదిగిన చిన్న సిలువ ఉంటుంది. 1555 అక్టోబరులో ప్రొటెస్టెంట్ బిషప్పులు లాటిమర్, రిడ్లీలను సజీవంగా దహనం చేసిన చోటును అది గుర్తుచేస్తుంది. మేరీ రాణి కాలంలో అలా కాల్చేసినవాళ్లు 280 మంది దాకా. ప్రార్థన పుస్తకం రూపొందించిన క్రాన్మర్ వంతు 1556 మార్చిలో వచ్చింది. ప్రాణభయంతో తన విశ్వాసాన్ని కాదని సంతకాలు చేసిన కుడిచేతిని ఆయన ముందుగా మంటల్లో పెట్టాడు. దగ్గర్లోని సెయింట్ మేరీస్ గుడిలో రెండు పక్షాల హతసాక్షుల పేర్లూ ఒకే ఫలకం మీద ఉన్నాయి. దాని ముందు అత్తయ్య, నేను కలిసి ప్రార్థించాం.

కాంటర్బరీ ఒక్క పూటలో అయిపోతుంది. అక్కడి కెథడ్రల్‌లో, 1538లో హెన్రీ పగలగొట్టించిన హతసాక్షి ఆర్చిబిషప్ థామస్ బెకెట్ సమాధి చోట ఇప్పుడు ఒక కొవ్వొత్తి వెలుగుతుంటుంది. టైం తక్కువుంటే దీన్ని వదిలేసి యార్క్‌లో ఇంకో రోజు ఉండండి.

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే టికెట్ 30 పౌండ్ల చుట్టూ ఉంది. ఖరీదే, అయినా మేరీ, ఎలిజబెత్ ఇద్దరినీ ఒకే సమాధిలో పెట్టిన చోటు చూడటానికి ఆ డబ్బు ఇవ్వొచ్చు. పైన ఎలిజబెత్ శిల్పం ఒక్కటే ఉంది. "మేరీ బొమ్మ ఏదమ్మా?" అని అత్తయ్య వెతికింది. సింహాసనంలోనూ సమాధిలోనూ తోడైన అక్కచెల్లెళ్లం, పునరుత్థాన నిరీక్షణతో నిద్రిస్తున్నామని కింద లాటిన్‌లో చెక్కారు.

డబ్బు పెట్టలేనివాళ్లు సాయంకాలం ఈవెన్‌సాంగ్‌కు వెళ్లండి, దానికి టికెట్ లేదు. కాకపోతే సమాధులు చూడనివ్వరు. సన్యాసుల సాయంత్రపు ప్రార్థనలు రెంటిని కలిపి క్రాన్మర్ ఇంగ్లిషులో కూర్చిన ఆరాధన అది. అందులో మరియమ్మ కీర్తన, సుమెయోను పాట రెండూ ఉంటాయి. అత్తయ్యకు ఇంగ్లిషు రాకపోయినా ముందే చెప్పి ఉంచాను కాబట్టి, మరియమ్మ కీర్తన మొదలవగానే తెలుగులో తనూ మెల్లగా చెప్పుకుంది. వెళ్లేముందు వేళలు చూసుకోండి, అరగంట ముందు క్యూలో ఉంటే మంచి చోటు దొరుకుతుంది.