కేబుల్ తగిలిస్తే ఊగే ఆప్-ఆంప్: రెసిస్టర్ లూప్ బయటా, లోపలా?

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లుకు చేసిన సెన్సార్ బోర్డు బల్ల మీద బుద్ధిగానే ఉంది. 40 మీటర్ల షీల్డ్ కేబుల్ తగిలించగానే రీడింగ్ ఊగింది. ఆసిలోస్కోప్ పెడితే బోర్డు మీది ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే లేదా ఉన్నదున్నట్టు ముందుకు పంపే ఐసీ) అవుట్‌పుట్ నిండా అలలే. కేబుల్ కెపాసిటెన్స్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లంటే మొత్తం 4,000. బోర్డులోని ఎల్ఎం358 ఆప్-ఆంప్‌ని బఫర్‌గా (వచ్చిన వోల్టేజీనే ముందుకు పంపేలా) వాడితే డేటాషీట్ భరోసా 50 పికోఫారడ్లకే! ఆప్-ఆంప్ ఊగకుండా ఉంచే ఫేజ్ మార్జిన్‌ను కేబులే మింగేసింది.

మందులు రెండు: ఆప్-ఆంప్‌కూ కేబుల్‌కూ మధ్య ఒక రెసిస్టర్ పెట్టాలి, అది ఫీడ్‌బ్యాక్ లూప్ (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగి వచ్చే దారి) బయటైనా, లోపలైనా.

ఖర్చు: లూప్ బయట పెడితే ఒక్క 100 ఓముల రెసిస్టర్. లోపల పెడితే దానికి తోడు ఇంకో రెసిస్టర్, ఓ కెపాసిటర్. డబ్బుల్లో తేడా లెక్కలోకి రాదు.

శ్రమ: మొదటిది ఒక ట్రాక్ కోసి టంకం వేస్తే అయిపోతుంది. రెండోదానికి లెక్క కావాలి. 100 ఓములను 4,000 పికోఫారడ్లతో గుణిస్తే 0.4 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్. ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలో ఓములు, 100 పికోఫారడ్లు పెడితే 1 మైక్రోసెకన్. 0.4 కంటే ఎక్కువే కాబట్టి మొదటి అంచనాకు సరిపోతుంది.

రిస్క్: బయట పెడితే అవతలి లోడ్ 10 కిలో ఓములైతే దాదాపు 1 శాతం వోల్టేజీ తగ్గుతుంది. లోపల పెడితే ఫీడ్‌బ్యాక్‌ను ఆ 100 ఓముల రెసిస్టర్ తర్వాతి నుంచి తీసుకుంటాం కాబట్టి స్థిరమైన (డీసీ) వోల్టేజీ కచ్చితం. కాకపోతే సిగ్నల్ కుదురుకోవడం నెమ్మది, కేబుల్ బాగా పెరిగితే మళ్ళీ లెక్క.

అవతల మైక్రోకంట్రోలర్ ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) లాంటి, దాదాపు కరెంటు లాగని హై ఇంపెడెన్స్ లోడ్ ఉంటే బయటి రెసిస్టరే చాలు, నేనూ అదే వేశాను. లోడ్ కరెంటు లాగుతూ, రీడింగ్ నిక్కచ్చిగా కావాలంటే మాత్రం లోపలిదే.