లాబ్రడార్ పడకకు వేసిన జిప్ కవరు: ఎనిమిది నెలల వాడకం తరువాత

మా లాబ్రడార్ చిట్టికి ఇప్పుడు ఐదేళ్లు. మూడో ఏట మొదలైన దురద దానిని ఏ కాలంలోనూ పూర్తిగా వదిలిపెట్టలేదు. రాత్రంతా వేళ్ల సందులు నాకుతూ ఉండడం, ముఖాన్ని సోఫా అంచుకు రుద్దుకోవడం, రెండు నెలలకోసారి చెవులు చీము పట్టడం చూసి మేము చాలా బాధపడ్డాము. పశువైద్యుడు తొందరపడి జబ్బుకు పేరు పెట్టలేదు. ముందుగా గోమార్లు మొదలైన బయటి పరాన్నజీవులకు మందు వేయించి, ఆ తరువాత ఎనిమిది వారాలపాటు ఒకే రకం ఆహారం పెట్టించి, రెండూ కారణం కావని తేలాకే అటోపిక్ డెర్మటైటిస్ (పరిసరాల్లోని వాటికి అలర్జీ వల్ల వచ్చే, వదలని చర్మపు దురద) అని నిర్ధారించారు. ఆ పైన చేయించిన రక్తపరీక్షలో డస్ట్ మైట్లకు ప్రతిస్పందన ఎక్కువగా కనిపించింది. మందులు కొనసాగిస్తూనే అది పడుకునే చోటును మార్చమని ఆయన చెప్పిన మీదట ఈ కవర్లు కొన్నాము.

డస్ట్ మైట్లు అంటే మంచాల్లో పట్టే నల్లులు కావు. ఎనిమిది కాళ్లుండి, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని ఈ జీవులు ఎవరినీ కుట్టవు, రక్తం పీల్చవు. మన ఒంటి నుండీ పెంపుడు జంతువుల ఒంటి నుండీ రాలే చర్మపు పొట్టును తిని బతుకుతాయి. అలర్జీని రేపేవి ముఖ్యంగా వాటి విసర్జకాల్లోనూ, చచ్చిన శరీరాల్లోనూ ఉండే ప్రోటీన్లు. నీళ్లు తాగకుండా గాలిలోని తేమనే పీల్చుకుంటాయి కాబట్టి విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, పరుపులూ దిండ్లూ వాటికి చక్కని నివాసం. మా అమ్మగారు ఏటా బూరుగు దూది పరుపులను డాబా మీద ఎండబెట్టించడంలో ఎంత ప్రయోజనం ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

మొదట కొన్నది తక్కువ ధరకు దొరికిన వాటర్‌ప్రూఫ్ కవరు. అది పరుపు పైభాగాన్ని, అంచులను మాత్రమే కప్పి, అడుగును వదిలేసేది. ప్లాస్టిక్ పొర వేడెక్కడంతో చిట్టి దాని మీద పడుకోవడం మానేసి నేల మీదికి వెళ్లిపోయింది. రెండోసారి ఆరు వైపులా మూసుకునే, సన్నటి నేత గల జిప్ కవర్లు తీసుకున్నాము. దాని పడకకు 1,450 రూపాయలు, అది మా కాళ్ల దగ్గర పడుకుంటుంది కాబట్టి మా పరుపుకు 3,200 రూపాయలు అయ్యాయి. ఇటువంటి కవరులో చూడవలసింది నేత రంధ్రాల కొలత. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా తక్కువ ఉంటే మైట్లూ వాటి విసర్జకాలూ దాటలేవు, గాలి మాత్రం ఆడుతుంది. పెట్టె మీద ఆ కొలత ముద్రించని కవర్లను నేను కొనను. అమ్మకందారు ప్రకటనలో మైట్లను చంపుతుందని రాసిన మాట మాత్రం సరికాదు. కవరు దేన్నీ చంపదు, పరుపులో ఉన్నదాన్ని లోపలే బంధించి ఉంచుతుంది.

అందువల్ల కవరు పైన పరిచే దుప్పటి విషయంలోనే అసలు శ్రమ ఉంది. చిట్టి చర్మపు పొట్టు రోజూ ఆ దుప్పటి మీదే రాలుతుంది. దానిని వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతుకుతున్నాము. చన్నీళ్లలో ఉతికితే అలర్జీ కలిగించే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది గానీ మైట్లు చావవు. వేడినీటికి పాడయ్యే దాని గుడ్డబొమ్మలను సంచిలో మూటగట్టి రెండు రోజులు ఫ్రీజరులో ఉంచి, తరువాత మామూలుగా ఉతుకుతాము. పడకగదిలోని తివాచీ తీసేశాము. చీపురు బదులు తడిగుడ్డతో తుడుస్తున్నాము, ఆ సమయంలో చిట్టిని బయట ఉంచుతాము. ఆగస్టులో గదిలోని తేమ మీటరు 78 శాతం చూపేది. ఏసీని డ్రై మోడ్‌లో నడిపినా 55 కన్నా దిగలేదు. మైట్లు నిలదొక్కుకోలేకపోవాలంటే 50 శాతం కన్నా తగ్గాలి, మా ఊళ్లో అది కష్టం. అందుకే మాకు కవరు మరింత అవసరమైంది.

ఫలితం గురించి జాగ్రత్తగానే చెప్పాలి. మొదటి నెలలో తేడా ఏమీ కనిపించలేదు. మూడో నెల నుండి రాత్రి నాకుడు బాగా తగ్గింది, ఈ ఎనిమిది నెలల్లో చెవి ఇన్ఫెక్షన్ ఒక్కసారే వచ్చింది. ఈ కాలమంతా మందు మోతాదు మార్చలేదు కాబట్టి కొంత ఘనత పడక మార్పుదేనని నా నమ్మకం. అయితే కవరు వేశామని మందు ఆపడం పొరపాటు అవుతుంది. చిట్టికి మందు ఇప్పటికీ కావాలి. పరుపుల మీద చల్లే మైట్ల మందుల జోలికి మేము పోలేదు. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు విషం, పక్కింటి పిల్లి మా వరండాలోనే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. చిట్టి పడుకునే ముందు పడకను గోళ్లతో గీరుతుంది. ఆరో నెలలో ఒక మూల చిన్న చిరుగు పడింది, కుట్టు వేస్తే సూది రంధ్రాలు మిగులుతాయని లోపలి వైపు నుండి అతుకు అంటించాము. జిప్ చివర వేలెడు ఖాళీ ఉండిపోయింది, దాన్ని వెడల్పాటి టేపుతో మూసి ఉంచాము. కొత్తగా కొనేవారు జిప్ చివరను కప్పే గుడ్డపట్టీ ఉందో లేదో చూసుకుని, పడక పొడవు, వెడల్పులతో పాటు మందాన్ని కూడా కొలుచుకుని తీసుకోవాలి. వదులుగా ఉన్న కవరు ముడతలు పడి గోళ్లకు త్వరగా చిక్కుతుంది.