గేర్లు పీకేసి మోటారు పెట్టించాం: ఏలూరు రోడ్డు సైకిల్ షాపు పని ఎలా ఉందంటే

సైకిల్ వదిలేసి ఇరవై ఏళ్లు దాటిన మనిషికి 21 గేర్ల సైకిల్ ఇచ్చి, దానికి మోటారు కూడా తగిలిస్తే, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆవిడ రోడ్డు చూడాలా, చేతి కింద ఉన్న మీటలు చూసుకోవాలా? మా పెద్దక్క కోసం ఇంట్లో తుప్పు పడుతున్న మావాడి సైకిల్ తీసుకుని ఏలూరు రోడ్డులో ఓ షాపుకి వెళ్తే, మెకానిక్ అన్న మొదటి మాట: "ఈ గేర్లన్నీ తీసేద్దాం సార్, మోటారే మేడమ్ గారికి ఫస్టు గేరు." దానికే సగం మార్కులు వేసేశాను.

అతను చెప్పింది నిజమే. చిన్న గేర్లు ఉన్నదే బయల్దేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల మీద బరువు తగ్గించడానికి. వెనక చక్రం మధ్యనుండే హబ్‌లోనే మోటారు ఉంటే ఆ బరువు అది చూసుకుంటుంది, చైనుతో దానికి పనే లేదు. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, మధ్యలో ఒక్క చైను, అంతే. 26 అంగుళాల చక్రానికి పెడల్ నిమిషానికి 60 సార్లు తిప్పితే గంటకి 18 కిలోమీటర్ల దాకా వస్తుంది, సత్యనారాయణపురం నుంచి గుణదల వెళ్లడానికి అంతకన్నా ఏం కావాలి? టీవీఎస్ 50 1980లో వచ్చిన దగ్గర్నుంచి పాలవాళ్లూ కూరగాయలవాళ్లూ దాన్ని వదలకపోవడానికి ఓ కారణం గేరు గొడవ లేకపోవడమే కదా.

నాకు బాగా నచ్చింది చైన్ కవర్. ముందు పళ్ల చక్రాలు మూడు, వాటి మీద చైనుని అటూ ఇటూ నెట్టే మీట ఉన్నప్పుడు పూర్తి కవర్ పట్టదు. అవి పోయాయి కాబట్టి పాత లేడీస్ సైకిళ్లకి ఉండేలాంటి నిండు కవర్ బిగించారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోనక్కర్లేదు, గ్రీజు మరక లేదు.

మోటారు కిట్టు 36 వోల్టులు, 250 వాట్లు, 25 కిలోమీటర్ల స్పీడు దాటగానే మోటారు ఆగిపోతుంది కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ తలనొప్పి లేదు. బ్యాటరీ, కూలీ కలిపి 22,000 దాకా అయింది. మోటారు లాగేటప్పుడు ఇరుసు చీలికలోంచి తిరిగి బయటికి రాకుండా పట్టుకునే టార్క్ ఆర్మ్ మేం అడక్కుండానే వేశారు, ఆ విషయంలో వంక పెట్టలేను.

వంకలు వేరే చోట ఉన్నాయి. మొదట మెలితిప్పే యాక్సిలరేటర్ పెట్టారు. స్టాండు తీసి సైకిల్ నెట్టేటప్పుడు కొత్తవాళ్లు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు, బండి ముందుకి దూకుతుంది. గోల చేస్తే బొటనవేలితో నొక్కేది మార్చారు. బ్రేకు పట్టగానే మోటారు ఆగే కటాఫ్ లివర్లకి విడిగా డబ్బులు తీసుకున్నారు, నా లెక్కలో అది అసలు మానకూడని వస్తువు. ఎందుకంటే తొక్కుతుంటే మోటారుని నడిపించే, పెడల్ దగ్గరున్న సెన్సరుకి పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే తెలుస్తుంది, మనం ఎంత బలంగా తొక్కుతున్నామో తెలియదు. సిగ్నల్ దగ్గర కాలు కాస్త కదిలి పెడల్ తిరిగిందంటే మోటారు అందుకుంటుంది. అక్క బ్రేకు పట్టుకునే ఉంటుంది, అసిస్ట్ (మోటారు ఎంత సాయం చేయాలో పెట్టుకునేది) ఒకటో నంబరు దాటనివ్వదు.

ఇంకోటి, ఈ ఫ్రేములో ఇరుసు కూర్చునే చీలిక కిందికి ఉంది, చక్రం వెనక్కి లాగి చైను బిగించే వీలు లేదు. చైను వదులు కాకుండా పట్టుకునే స్ప్రింగు టెన్షనర్ వేయాల్సింది, వేయలేదు, స్పీడ్ బ్రేకర్ మీద చైను ఊడింది. మళ్లీ వెళ్తే మాట్లాడకుండా ఫ్రీగా వేశారు.

పంక్చర్ సంగతి అడుగుతున్నారు చాలామంది. మన పంక్చర్ షాపుల్లో చక్రం విప్పకుండానే ట్యూబు బయటికి లాగి అతికిస్తారు, మోటారు అడ్డం రాదు. మే నెల ఎండలో వచ్చి వెంటనే ఛార్జింగ్ మాత్రం పెట్టకండి, బ్యాటరీ చల్లబడనివ్వండి.

ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కాలనుకుంటే ఇది మీకు కాదు, ఒంటి గేరుతో 250 వాట్ల హబ్ మోటారు అక్కడ వేడెక్కి ఆయాసపడుతుంది. పెడల్ దగ్గర కూర్చునే మోటారైతే చైను ద్వారా లాగుతుంది కాబట్టి గేర్లు అక్కరకొస్తాయి, కానీ లోడు మీద గేరు మారిస్తే చైను, పళ్లు త్వరగా అరిగిపోతాయి, ఆ మెళకువ కొత్తవాళ్లకి ఎక్కడ వస్తుంది.

వెళ్లేవాళ్లు కటాఫ్ లివర్లు, టెన్షనర్, చైన్ కవర్ మూడూ ముందే రేటులో కలిపించుకోండి. బిల్లు రాశాక అడిగితే "అది వేరే సార్" అంటారు.